దారం తెంపని ఇల్లు

మా ఇంట్లో బొంత కుట్టుడు అయిపోయిన రోజంటూ ఎన్నడూ లేదు. ఒకటి పూర్తయిన రోజే ఇంకొకటి మొదలయ్యేది. రెండింటి నడుమ ఒక్క పూట కూడా ఖాళీగా పోనిచ్చేది కాదు మా ఇంటామె. ఈ మధ్య ఖేడ్ బజార్లో రగ్గులమ్మేటాయన నన్ను ఆపి, ఇంకా ఆ చింకి బొంతలే కప్పుకుంటున్నరా, మెత్తటి రగ్గులున్నయి, పులి బొమ్మది తీసుకపొమ్మన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పులి బొమ్మను చూసి చలి పారిపోతదా అని అడిగిన. ఆయన నవ్విండు. ఆ కోపంతోనే ఇంటికొచ్చి ఇది రాయబట్టిన. ఆయన మీది కోపం నాలుగు మాటలకే అయిపోయింది. మిగిలింది వేరే ఉంది.

నేను బడి మెట్లు ఎక్కినవాణ్ణి కాదు. వయసులో ఉన్నప్పుడు గంజ్‌లో, రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో కందుల సంచుల మూతులు దబ్బనంతో కుట్టేటోణ్ణి. సంచుల మీద రంగుతో రాసిన అక్షరాలు, బెల్లం పొట్లాలు కట్టిన పాత పేపర్లు, ఇవే నాకు పంతుళ్లు. ఇప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, రాసినవాళ్ల తప్పులు పట్టి తిట్టేంత చదువు వచ్చింది. మా ఇంటామెకు అక్షరం ముక్క రాదు. ఆమె అరుగు మీద కూర్చొని కుడుతుంటే నేను పక్కన కూర్చొని పేపరు పైకి చదివేటోణ్ణి. ఆమె సూది ఆపకుండా వినేది. ఏ పెద్దమనిషి ఏ మాట ఇచ్చినా చివరికి "ఔనా" అనేది. ఆ ఒక్క మాటతో ఆ పెద్దమనిషి పని ఖతం.

ఆమె పుట్టిల్లు నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక పొలిమేరకు ఆనుకొని ఉన్న ఊరు. అక్కడ బొంతను కౌది అంటరు. పెండ్లయి వచ్చిన కొత్తలో ఆమె మాట సగం కన్నడం, సగం తెలుగు. రాను రాను అంతా తెలుగయింది గాని కౌది మాత్రం కౌదిగానే మిగిలింది. కింద ఒక పాత చీర పరిచి, దాని మీద చిరిగిన ధోతులు, అరిగిన దుప్పట్లు పొరలు పొరలుగా పేర్చేది. అన్నిటికన్నా పైన రంగురంగుల ముక్కలు. ఇగ కుట్టు అంచు నుంచి మొదలవుతది. చుట్టూ తిరుగుకుంటూ, వరుస పక్కన వరుస వేసుకుంటూ, లోపలికి పోతది. చివరికి నడుమ అరచేయంత జాగ మిగులుతది. అది మూసిన రోజు కౌది అయినట్టు.

అయితే ఆమె పుట్టింటోళ్లకు ఒక పట్టింపు ఉంది. నడుమ మూసినంక సూదిలో మిగిలిన దారాన్ని ఊరికే తెంపొద్దు. కొత్త కౌదికి కింద పరిచే గుడ్డను తెచ్చి, దాని మూలను పాత కౌది నడుమ మీద పెట్టి, అదే దారంతో ఆ మూలకు మొదటి కుట్టు వెయ్యాలె. అప్పుడు గాని రెండింటి మధ్య తెంపకూడదు. ముందే తెంపితే ఏమయితదని ఒకసారి అడిగిన. ఏమీ కాదు, కాని మావోళ్లు ఎవరూ తెంపలే అన్నది. ఆ జవాబు నాకు నచ్చింది. దేన్నయినా దేవుడి మీదికి తోసేటోళ్లను చాలామందిని చూసిన. ఆమె ఎవరి మీదికీ తొయ్యలేదు.

నడుమ దగ్గరపడుతున్న కొద్దీ ఆమె తీరే మారిపోయేది. కూరలో ఉప్పు మరిచేది. ఎవరన్నా వచ్చి పిలిస్తే, సూది నోట్లో పెట్టుకొని చేయి ఊపి పంపేది. పూర్తయినంక వాకిట్లో పరిచి, దూరం పోయి చూసి, దగ్గరికొచ్చి చూసి, నన్ను దాని మీద పండుకొమ్మనేది. పట్టపగలు, నడి వాకిట్లో, వచ్చేపోయేటోళ్లంతా చూస్తుండగా నేను పండుకోవాలె. ఎట్లుందని అడిగేది. బాగుందంటే గంతేనా అనేది. మెత్తగ ఉంది, వెచ్చగ ఉంది, ఇసొంటిది ఇంతకుముందు ఎన్నడూ కుట్టలేదని నేను ఒక్కొక్కటి చెప్తుంటే ఆమె కండ్లు అప్పటికే పక్కనున్న కొత్త గుడ్డ మీద ఉండేవి. ఎర్ర ముక్క పక్కన ఏది పెట్టాలె, అంచుకు ఏ చీర వాడాలె అని లోపల లెక్కలు వేసుకునేది. నేను పండుకున్న సంగతే మరిచేది. ఎండకు మాడలేక నేనే లేచేటోణ్ణి.

ఆమె ఒక అంచున కూర్చుంటే ఎదుటి అంచున పక్కింటి ఆపా కూర్చునేది. వాళ్ల ఇంట్లో ఉర్దూ మాట్లాడుతరు, అక్కను ఆపా అంటరు. తెలుగు మాత్రం నాకన్నా జోరుగా మాట్లాడుతది. నన్ను భాయి అంటది, మా ఇంటామెను భాభీ అంటది. బొంతను గోదడి అంటది. ఇద్దరూ చెరొక దిక్కు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చి నడుమ కలిసేటోళ్లు. ఎవరి కుట్టు ఎవరిదో విప్పి చూసినా తెలిసేది కాదు. నేను పేపరు చదువుతుంటే ఆపా మధ్యలో అడ్డం వచ్చి, వాన సంగతుంటె చదువు భాయి, లేకుంటె మడతపెట్టు అనేది.

వాళ్లిద్దరికీ ఒక్కటే బాధ, నూలు బట్ట దొరకదు. ఇప్పుడొచ్చే చీరలను చీరలనడానికి నాకు నోరు రాదు. అటు పట్టు కాదు, ఇటు నూలు కాదు, ఏదో జారుడు గుడ్డ. సూది దిగినట్టే దిగి పక్కకు జరుగుతది. నాలుగు ఉతుకులకే కుట్టు ఒక దిక్కు, గుడ్డ ఒక దిక్కు. కంగ్టిలో చుట్టాల పెండ్లికి పోతే మా ఇంటామె పెండ్లిపిల్లను చూసేది కాదు. పందిట్లో కూర్చున్న ముసలోళ్ల కట్టుబట్టలు చూసేది. ఇంటికి వచ్చి, ఆ కొసకు కూర్చున్నామె చీర మంచి మెత్తబడ్డది, అడిగి ఉంటె ఇచ్చునేమో అని ఆపాతో చెప్పి బాధపడేది. మనుషులు కట్టుకొని ఉండగానే చీరలను ముక్కలు చేసి చూసే కండ్లు వాళ్లవి.

పోయినేడు కంది పూతకు వచ్చిన కాలంలో జరిగింది ఇది. మధ్యాహ్నం పూట ఇద్దరూ కుడుతున్నరు. సగానికి పైగా అయింది బొంత. మా ఇంటామె ఒక వరుస ముగించి, మంచినీళ్లు తాగొస్తనని లేచింది. ఆమెతో పాటు బొంత కూడా లేచింది. ఒళ్లో ఉన్న చీర కొంగును బొంతకు కలిపి కుట్టేసింది.

ఆపా నవ్వి నవ్వి గోడకు ఒరిగింది. "భాభీ, నిన్ను గూడ అతుకు ఏసుకున్నవ్ గద. ఇగ సలికాలం భాయి నిన్నే కప్పుకుంటడు" అన్నది. మా ఇంటామె సిగ్గుపడి, ఈ ముసలోని పేపరు వినుకుంట కుడితే గిట్లనే అయితదని తప్పు నా మీద వేసింది. నేనూ నవ్విన. ఆమె మళ్లీ కూర్చొని కుట్లు విప్పబట్టింది. విప్పుతుంటే చూసిన. ఒకటి రెండు కుట్లు కావు. జానెడు పొడుగు, వరుస తప్పకుండా, కొంగును పట్టుకొని పోయింది దారం.

బొంత కుట్టేటోళ్లకు పై చెయ్యి కన్నా కింది చెయ్యి ముఖ్యం. పైచెయ్యి సూది దింపుతది. గుడ్డ కింద ఉన్న వేలి కొస సూది మొనను పట్టుకొని పైకి తిప్పుతది. గుడ్డ ఎన్ని పొరలున్నదీ, మధ్యలో మడత పడిందీ, అన్నీ చెప్పేది ఆ వేలే. జానెడు దూరం ఒక పొర ఎక్కువ పట్టుకొని పోతుంటే ఆమె వేలికి తెలియలేదు. విప్పిన చోట తెల్ల ముక్క మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపించినయి. సూది వేలిలో దిగినా తెలియలేదు. ముందుగా నవ్వు ఆపింది ఆపా.

ఆమెకు షుగరు చాలా కాలంగా ఉన్నదే. దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు పడుచువాడు. ఆమెను కండ్లు మూసుకొమ్మని, గుండుసూది మొనతో ఒక్కొక్క వేలు తాకి, తెలుస్తుందా అమ్మా అని అడిగిండు. తెలుస్తుంది అన్నది. ఇంకో వేలు. తెలుస్తుంది. అతను సూది దూరం జరిపి, ఏమీ తాకకుండా అడిగిండు. తెలుస్తుంది అన్నది. నేను పక్కకు చూసిన.

నరాలు దెబ్బతిన్నయి, గోలీలతో ముందుకు పోకుండా ఆపొచ్చు గాని పోయింది తిరిగి రావడం కష్టం అన్నడు. అది అతని వృత్తి, చెప్పాలె, చెప్పిండు. ఆ తర్వాత అన్న మాటకు నాకు మండింది. ఈ వయసులో కుట్టుడు ఎందుకమ్మా, ఆరాం చెయ్యి, టీవీ చూడు అన్నడు. నీ వేళ్లు పోతే నిన్ను టీవీ చూడమంటే చూస్తవా అని అడిగిన. బయటున్నోళ్లంతా లోపలికి తొంగి చూసిండ్రు. ఆమె నా చేయి పట్టుకొని గుంజుకొచ్చింది. ఆటో బస్సు డిపో దాటినంక ఆమె అన్నది. "ఆయన తప్పేమున్నది. ఆయన సూది పొడిచిండు. నాకు తెల్వలే."

సగం దాటిన బొంత అరుగు మీదనే ఉంది. దాన్ని ఆపా ఒక్కతే పూర్తి చెయ్యగలదు. కాని రెండో దిక్కు ఖాళీగా ఉంచి కుట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. నేను పోయి మా ఇంటామె జాగలో కూర్చున్న. దబ్బనంతో వేల సంచులు కుట్టిన చెయ్యి, ఈ చిన్న సూది ఎంత అనుకున్న. మొదటి వరుస అయినంక ఆమె వచ్చి చూసింది.

"కంది సంచి గాదయ్యా అది. మనుషులు పండుకోవాలె."

వేళ్లకు తెలియదు గద, అందుకని గుడ్డను పైకెత్తి చెంపకు రాసుకుంది. మెల్లగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చెంపను జరుపుకుంటూ పోయి, ఒక చోట ఆగి, ఇక్కడ ఉబ్బింది, విప్పు అన్నది. ఇంకొంచెం పోయి, ఇక్కడ దారం గుంజినవ్, విప్పు. చెంపతో ఆమె పట్టినన్ని తప్పులు నేను కండ్లతో కూడా చూడలేదు. పొద్దంతా నేను కుట్టిందాంట్లో సగం మాపటికి విప్పించేది. నేను గొణిగేటోణ్ణి. ఇంకో మనిషైతే ఈ పాటికి సూది విసిరేసి పోయేటోడని అనేటోణ్ణి. పోయినోణ్ణి పిలవను, పో అని ఆమె అనేది. భాయి పొద్దంత కుడుతడు, భాభీ పొద్దుగూకంగ విప్పుతది, ఈ గోదడి లోకం మునిగే ఖయామత్‌కు గాని తయారు కాదని ఆపా నవ్వేది. నిజం చెప్పాలంటే, దవాఖాన నుంచి వచ్చినంక మా ఇంట్లో మళ్లీ మాటలు వినిపించింది ఆ విప్పుడు వల్లనే.

అట్లా కొన్నాళ్లు నడిచింది. ఒకనాడు ఎప్పటిలాగే గుడ్డ ఎత్తి చెంపకు ఆనించింది. నేను కుట్టిన వరుస ఆ రోజు మరీ అధ్వానంగా ఉంది. కండ్లజోడు ఒక కాడ విరిగి, దారంతో కట్టుకొని కుట్టిన. ఏం తిడుతదో అని చూస్తున్న. ఆమె గుడ్డను కింద పెట్టింది.

"బాగుంది" అన్నది.

"సరిగ్గ చూడు" అన్న.

"చూసిన. బాగనే ఉంది."

నా ఆయుష్షులో ఆమె నా పనిని బాగుందని అనలేదు. నేను కట్టిన గోడను అనలేదు, నేను తెచ్చిన కూరగాయలను అనలేదు. అన్నందుకు సంతోషపడాలె గద. ఆమె లోపలికి పోయినంక ఆ వరుస మొత్తం నేనే విప్పిన. ఆపా చూసింది. మర్నాడు మళ్లీ కుట్టి చూపించిన. బాగుందన్నది. ఆ తర్వాత ఇగ గుడ్డ ఎత్తి చూడడం కూడా మానుకున్నది.

నడుమ మూసే రోజు వచ్చింది. నేను ముందుగానే నా పాత ధోతి ఒకటి ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి పక్కన పెట్టిన, కొత్త బొంతకు కింద పరవడానికి. నడుమ మూసేది ఎప్పుడూ మా ఇంటామెనే. ఆపా సూదికి దారం ఎక్కించి ఆమెకు చాచింది. ఆమె తీసుకోలేదు. నువ్వే కానియ్ ఆపా అని గడప మీద కూర్చున్నది. ఆపా నా దిక్కు చూసి, ఆ చివరి ముక్కను మెల్లగా కుట్టింది. అయిపోయింది. సూదికి బెత్తెడు దారం మిగిలింది. నేను ధోతి మడత విప్పబోయిన.

"అది లోపల పెట్టు" అన్నది మా ఇంటామె.

"లోపల పెడితె దారమెట్ల?"

"తెంపు."

ఆపా, నేను ఇద్దరం చిన్నపిల్లల తీరుగా ఆ సూదిని చూసుకుంటూ కూర్చున్నం. ఆమె లేచి వచ్చి, వంగి, దారాన్ని పండ్ల మధ్య పెట్టుకొని కొరికింది. సూదిని ఆపా చేతిలో పెట్టి, సాకు అన్నది. చాలు అనడానికి పుట్టింటి మాట అది. ఆమె నోట ఆ మాట విని ఎన్నేండ్లయిందో.

ఆ రోజు నన్ను పండుకొమ్మనలేదు. పిలవకున్నా నేనే వాకిట్లో పరిచి పండుకున్న. ఎట్లుందో చెప్పడానికి తల తిప్పితే గడప ఖాళీగా ఉంది. లోపల పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు వినిపించింది.

మర్నాడు అటక మీద ముక్కల మూట కనిపించలేదు. ఏండ్ల తరబడి ఒక్కొక్క ముక్క ఏరి, ఉతికి, రంగులు వేరు చేసి కట్టుకున్న మూట అది. ఏదని అడిగిన. ఆపాకిచ్చిన అన్నది. ఎందుకిచ్చినవంటే, ఊకె ఉండి ఏం చేస్తది, ఎలుకలు కొడ్తయి అన్నది. నేను ఆపా ఇంటికి పోయిన. పోయి, మంచీ చెడ్డా అడగకుండా నోటికొచ్చినట్టు మాట్లాడిన. ఆమె ఇస్తె నువ్వెట్ల తీసుకుంటవ్, ఇంతకాలం ఎదురెదురుగ కూర్చున్నదానివి, గింత తెల్వదా అన్న. ఆపా నన్ను అరవనిచ్చింది. నేను అలిసిపోయినంక చెప్పింది.

"ఇచ్చేటప్పుడు ఏడ్సి ఉంటె నేను తీసుకోకపోదును భాయి. ఏడ్వలే. ఉప్పు బదులిచ్చినట్టు ఇచ్చి పోయింది. అట్ల ఇచ్చినదాన్ని వద్దంటె ఎట్ల?"

మూట ఆమె మంచం కింద ఉంది. ముడి కూడా విప్పలేదు. నేను దాన్నే చూస్తుంటే ఆపానే అన్నది, మా ఇంట్ల పరవడానికి జాగ లేదు భాయి, మీ అరుగు మీదనే కూర్చుంట, ధోతి తీసి పెట్టు అని.

పొద్దు వాలినంక మూట నెత్తిన పెట్టుకొని వచ్చింది. ధోతి పరిచినం. మూట విప్పి ముక్కలన్నీ అరుగు మీద పోసింది. మా ఇంటామె గడపలో కూర్చొని కంది పప్పులో రాళ్లు ఏరుతున్నది. ఏరడం కండ్ల పని గనుక అది ఇంకా చేస్తది. ఆమె వేళ్లకు తెలియకపోయినా ఆమె కండ్లకు రంగులు తెలుసు. ఆమె కూర్చొని చెప్తే చాలు, కుట్టుడు మేము చూసుకుంటం. ఇది నేను ముందే అనుకున్న. ఆపా కూడా అదే అనుకుందేమో, ఒక ఎర్ర ముక్క, ఒక పచ్చ ముక్క రెండు చేతుల్లో పట్టుకొని అడిగింది.

"భాభీ, అంచుకు ఏది ముందుగాల?"

ఆమె తల ఎత్తి రెండింటినీ చూసింది. చూడడమైతే చూసింది. "మీ ఇష్టం" అన్నది. మళ్లీ పప్పు చాటలోకి వంగింది.

ఆ మాటను నేను ఇప్పటికీ మింగలేదు. బొంత విషయంలో ఎవరి ఇష్టాన్నీ ఆమె ఎన్నడూ సాగనివ్వలేదు. ఒకప్పుడు ఒక ముక్క అటుదిటు పెట్టినందుకు ఆపాతో వారం మాటలు బంద్ చేసిన మనిషి. డాక్టరు మీద అరిచిన, ఆపా మీద అరిచిన, రగ్గులమ్మేటాయన మీద అరిచిన. ఈ మాట అన్న మనిషి మీద మాత్రం అరవలేకపోయిన. ఆపా రెండు ముక్కలనూ ఒళ్లో పెట్టుకొని, కొంచెంసేపు వాటిని సాపు చేసుకుంటూ కూర్చున్నది. తర్వాత ఎర్రది మొదలుపెట్టింది.

ఆ బొంత ఇప్పుడు నడుస్తున్నది. రోజూ అన్నాలయినంక ఆపా వస్తది. ఆమె అంచున ఆమె, ఇటు అంచున నేను. చేతులు సూదికి పోయినయి గనుక పేపరు చదవడం తగ్గింది. పొద్దున చదివిన సంగతులు నోటితోనే చెప్తుంట. గడపలో నుంచి "ఔనా" రాదు. వింటున్నదో లేదో తెలియదు. నా కుట్టు కొంత మెరుగుపడ్డది. సంచి కుట్టు కాదు, బొంత కుట్టూ కాదు, రెండింటికీ మధ్యన ఏదో ఒకటి. మంచి వరుస పడితే చెప్పుకోవడానికి మనిషి లేదు. చెడ్డ వరుస పడితే తిట్టడానికి లేదు. నేనే విప్పుకుంట, నేనే కుట్టుకుంట.

ఇన్నేండ్లు ఆమె సంతోషం నడుమ మూయడంలో ఉందని నేను అనుకున్న. కాదు, కొత్త గుడ్డ మీద మొదటి కుట్టు వేయడంలో ఉంది. అది లేకపోతే మూయడమంటే ఉత్త మూయడమే. ఆ రోజు దారం కొరికిన మనిషి మొఖం నాకు యాదికుంది. ఈ బొంతకు కూడా నడుమ వస్తది. అప్పుడు ఆపా సూది పట్టుకొని మళ్లీ గడప దిక్కు చూస్తది. గడపలో నుంచి మళ్లీ అదే మాట వస్తదని నాకు భయం. అందుకని ఈ మధ్య నా చెయ్యి మెల్లగయింది. ఒక కుట్టు వేసి దారం సాపు చేస్త. కండ్లజోడు తుడుచుకుంట. బాగనే ఉన్న వరుసను కూడా బాగలేదని విప్పుత. ఆపా వైపు కుట్టు లోపలికి చాలా దూరం పోయింది. నా వైపు ఇంకా అంచు దగ్గరే ఉంది.

నిన్న ఆపాకు ఓపిక పోయింది. "ఏం భాయి, కూర్చొనే నిద్రపోతున్నవా? నేను నడుమకొచ్చిన, నువ్వింక ఊరి బయటనే ఉన్నవ్" అన్నది.

నేను జవాబు చెప్పేలోపల గడపలో నుంచి మా ఇంటామె అన్నది, పప్పులో నుంచి తల ఎత్తకుండానే. "ఏమనకు ఆపా. ఆయన కావాల్నని చేస్తుండు. కానియ్, మెల్లగనే కుట్టనియ్."

ఆపా నన్ను చూసింది. నేను సూదిలో దారం అయిపోయినట్టు వంగి, దారపుండ కోసం వెతుక్కున్న.